ఓదెలు మోసిన టేపులు

వెలిమెల ఓదెలు పటాన్‌చెరులో పనికి చేరేనాటికి అతనికి మీసాలు సరిగ్గా రాలేదు. అంతకుముందు నాయన వెంట పొలాల్లో కూలికి పోయేవాడు. ఆ ఏడు వానలు ముఖం చాటేసి కూలి దొరక్కపోయేసరికి, ఊళ్లో నలుగురితో కలిసి సైకిళ్ల మీద ఇండస్ట్రియల్ ఏరియాకు వచ్చి, గేటు గేటుకూ తిరిగి, చివరికి వీర్రాజు షెడ్డులో హెల్పరుగా కుదిరాడు.

వీర్రాజు గోదావరి వైపు మనిషి. ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి, ఆ ఉద్యోగం వదిలి, రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని పవర్ ప్రెస్సులు పెట్టాడు. ఇనుప రేకును ప్రెస్సు కింద ఉంచి కొడితే మోటారు మూతో, ఫ్యాను గిన్నో తయారవుతుంది. ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారానికి ఉక్కు అచ్చు చెక్కుకోవాలి. దాన్ని డై అంటారు. డైలు చేయడంలో వీర్రాజుకు మంచి పేరుండేది. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా అతని షెడ్డు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

ఓదెలు హెల్పరు నుంచి ప్రెస్సు ఆపరేటరయ్యాడు. అయిన ఏడాదికే, ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చున్నాక, రేకు సర్దుతుండగా ప్రెస్సు దిగింది. కుడిచేతి నడిమి వేళ్లు మూడూ పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని పడుకున్న ఓదెలు దగ్గరకు వీర్రాజు వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. లేచేముందు, "నువ్వు పనిలోకి వచ్చెయ్యి. ఏం పనో తర్వాత చూద్దాం. మానేశావంటే మాత్రం నేను ఒప్పుకోను," అన్నాడు. ఆ వారమే ప్రెస్సులన్నిటికీ ఇనుప జాలీలు బిగించారు, చేయి లోపలికి పోకుండా.

అట్లా ఓదెలు షెడ్డులోంచి ఆఫీసులోకి వచ్చాడు. చాయ్ తేవడం, కాగితాలు అందించడం, బ్యాంకుకు పోయి రావడం. ఇంటి దగ్గర పలక మీద ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. అక్షరాలు కుదురుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ తరువాత అతనికి పెళ్లయింది. ముత్యమ్మ వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లు అతని చేయి చూసి వెనకాడితే, ఆమే, "పని జేసే చెయ్యి గదా పోయింది, పని ఎగ్గొట్టిన చెయ్యి కాదు గదా," అన్నదట. వాళ్లకు పిల్లలు కలగలేదు. ముత్యమ్మ తమ్ముడు నర్సన్నకు ఆడపిల్ల పుడితే ఆ పిల్ల పుష్పనే ఎత్తుకుని తిప్పేవారు. ఆదివారం వస్తే చాలు, ఓదెలు సైకిలు ముందు కడ్డీకి చిన్న సీటు కట్టి పుష్పను ఊరంతా తిప్పుకొచ్చేవాడు. నర్సన్నను ప్రెస్సు మీద పనికి పెట్టించింది కూడా ఓదెలే. "సారు మంచోడు, జాలీలున్నయి, భయం లేదు," అని బామ్మర్దిని వెంటబెట్టుకుని వచ్చి తనే మిషను చూపించాడు.

తొంభై ఏడులో ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. అంతవరకూ పెద్ద బల్ల మీద పెన్సిలుతో గీసే డ్రాయింగులను కంప్యూటరులో గీయడానికి పరంజ్యోతి అనే అమ్మాయి చేరింది. సంగారెడ్డి పిల్ల. తండ్రి చర్చి బడిలో మాస్టారు. పాలిటెక్నిక్ చదివింది. మూలన అద్దాలు బిగించిన చిన్న గదిలో ఒక పెద్ద పెట్టె పెట్టారు. అది సర్వరు. ఎవరు ఏ కంప్యూటరులో గీసినా డ్రాయింగు పోయి దాంట్లోనే కూర్చుంటుంది. ఒక్కో డైకి ఎన్నో డ్రాయింగులు. అన్నీ ఆ పెట్టెలోనే.

అప్పటికి కొద్దినెలల ముందే పక్క షెడ్డు తగలబడింది. కాగితాలన్నీ కాలి ఆ యజమాని నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోవడం వీర్రాజు కళ్లారా చూశాడు. అందుకని సర్వరు పెట్టినవాళ్లను, "దీనికి నకలు ఉండాలి. ఆ నకలు ఈ బిల్డింగులో ఉండకూడదు," అని అడిగాడు. వాళ్లు టేపు పద్ధతి చెప్పారు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద టేపులు. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి. సాయంత్రం టేపును సర్వరు నోట్లో పెడితే, ఆ రోజు దాకా ఉన్న డ్రాయింగులన్నీ దాంట్లోకి ఎక్కుతాయి. దాన్ని ఎవరో ఒకరు ఇంటికి తీసుకుపోవాలి. మరుసటి వారం అదే రోజు వచ్చినప్పుడు పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది.

"ఎవరు తీసుకెళ్తారు?" అని అడిగితే వీర్రాజు తల తిప్పి ఓదెలు వైపు చూశాడు.

సర్వరు బిగించిన అతను ఓదెలుకు ఒక్కటే చెప్పాడు. "ఇదిగో, ఈ లైటు ఎర్రగా ఉంటే ముట్టుకోవద్దు. పచ్చగా అయ్యాక తియ్యి. అంతే."

ఓదెలు ఎడమచేత్తో ఒక్కో టేపు మీద వారం పేరు రాసి అంటించాడు. ముత్యమ్మ రవిక గుడ్డతో చిన్న సంచి కుట్టి, మూతికి నాడా పెట్టింది. టేపులు ఇంట్లో ఆమె బట్టల సందుగపెట్టెలో, పెళ్లి చీర మడతల నడుమ ఉండేవి. తేమ తగలొద్దని, ఎండ తగలొద్దని, అయస్కాంతం దగ్గరికి రావద్దని పరంజ్యోతి చెప్పిన మాటలన్నీ ఓదెలు ఇంట్లో అప్పజెప్పాడు. అప్పటినుంచి ముత్యమ్మ ఆ సందుగ మీద దీపం కూడా పెట్టనిచ్చేది కాదు.

ఊళ్లో ఎవరైనా, "ఏం పనిరా ఓదెలూ నీది?" అంటే ఇదివరకు, "ఆఫీసుల ఉంట," అని ఊరుకునేవాడు. ఇప్పుడు, "కంపెనీ డ్రాయింగులు మొత్తం నా దగ్గర్నే ఉంటయి," అనేవాడు. అది గొప్పకు చెప్పినట్టు ఉండేది కాదు, నెత్తిన నీళ్లబిందె పెట్టుకున్న మనిషి మాట్లాడినంత జాగ్రత్తగా చెప్పేవాడు. వానాకాలంలో తను తడిసినా సంచి తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని సైకిలు తొక్కేవాడు. జ్వరం వచ్చిన రోజు కూడా సాయంత్రానికి ఆఫీసుకు వచ్చి, టేపు మార్చుకుని, తిరిగి పోయి పడుకునేవాడు.

ఒకసారి శుక్రవారం టేపు డబ్బీ పగిలింది. వీర్రాజు కొత్తది తెప్పించాడు. పాతదాన్ని పారేయమంటే ఓదెలుకు మనసొప్పలేదు. గుడ్డలో చుట్టి సందుగ అడుగున పడేశాడు.

రెండువేలలో డ్రాయింగులు పెరిగి సర్వరు నిండిపోయింది. హైదరాబాదు నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి, పెట్టెలో కొత్త డిస్కు బిగించి, పాత డిస్కులోని డ్రాయింగులన్నీ దాంట్లోకి మార్చి, పాత చోటు ఖాళీ చేసి వెళ్లాడు. ఆ వారమే ఓదెలు ఒక సంగతి గమనించి పరంజ్యోతికి చెప్పాడు.

"జ్యోతమ్మా, టేపు ఈ నడుమ జల్దీ అయితున్నది. ఇదివరకు అర్ధగంట గూసునేటోన్ని. ఇప్పుడు చాయ్ కప్పులు కడిగొచ్చేవరకే పచ్చలైటు వస్తున్నది."

"కొత్త డిస్కు గదన్నా, స్పీడుగ చేస్తది," అని ఆమె నవ్వింది. "పొద్దుండంగనే ఇంటికి పోవచ్చు, మంచిదే గద."

మంచిదే అనుకున్నాడు ఓదెలు. ఆ రెండేళ్లూ పొద్దు వాలకముందే ఇల్లు చేరేవాడు. ముత్యమ్మ చేతి చాయ్ తాగుతూ అరుగు మీద కూర్చునేవాడు. జీవితంలో అంత నిమ్మళంగా తానెప్పుడూ లేనని తరువాత ఆమెతో అన్నాడు.

ఆ రోజుల్లోనే షెడ్డుకు పెద్ద పని వచ్చింది. పుణె కంపెనీ ఒకటి కొత్త మోటార్లు చేయబోతూ, వాటి రేకు భాగాలన్నీ వీర్రాజుకే ఇచ్చింది. పరంజ్యోతి ఏడాదికి పైగా ఆ డైల డ్రాయింగుల మీదే కూర్చుంది. కొన్ని డైలు చెక్కడం అయింది. చాలావాటికి ఇంకా ఉక్కు కొయ్యనే లేదు, డ్రాయింగులు మాత్రం సిద్ధం. ప్రెస్సు మీద పనిచేసేవాళ్లందరికీ ఆ ఆర్డరు మీదే ఆశ. నర్సన్న ఇంటి మీద స్లాబు వేయించుకోవాలని ఇటుక కూడా దింపించాడు.

రెండువేల రెండు మే నెలలో ఒక శనివారం సాయంత్రం గాలివాన పట్టింది. ఓదెలు అప్పటికే టేపు తీసుకుని బయలుదేరాడు. దారిలో చెట్టుకొమ్మలు విరిగిపడుతుంటే ఒక బస్‌స్టాపులో నిలబడి, సంచిని కడుపుకు హత్తుకుని, వాన తగ్గాక ఇల్లు చేరాడు. షెడ్డు దగ్గర కరెంటు స్తంభం మీద పిడుగు పడిందని సోమవారం దాకా అతనికి తెలియదు.

సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి అద్దాల గదిలో కాలిన వాసన. సర్వరు ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమని గోరుతో గీరినట్టు చప్పుడు వచ్చి ఆగిపోయింది. పరంజ్యోతి మళ్లీ ఆన్ చేసింది. మళ్లీ అదే చప్పుడు. ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఇదివరకు వచ్చిన కుర్రవాడు కాదు, కొంచెం పెద్దతను, కళ్లద్దాలు. పెట్టె విప్పి చూసి, "పాత డిస్కు బానే ఉంది. కొత్త డిస్కు పోయింది. డ్రాయింగులు దీంట్లోనా?" అని అడిగాడు.

"అన్నీ దాంట్లోనే," అంది పరంజ్యోతి.

"బ్యాకప్ ఉందా?"

అందరూ ఓదెలు వైపు చూశారు. పొద్దుటి నుంచి ఆఫీసులో తొణక్కుండా ఉన్నది అతనొక్కడే. ఎవరి ముఖంలోనూ రక్తం లేకపోతే, అతను మాత్రం చాయ్ పోసి అందరికీ అందిస్తూ తిరుగుతున్నాడు. "ఉన్నయి సార్. మా ఇంట్ల ఉన్నయి. ఆరూ ఉన్నయి," అన్నాడు.

వీర్రాజు తన జీపు ఇచ్చి పంపాడు. ఓదెలు ఆ జీపు ఎక్కడం అదే మొదలు. ఇంటి ముందు జీపు ఆగేసరికి ముత్యమ్మ పరేషానై బయటికొచ్చింది. "ఏం కాలే. టేపులతోని పని పడ్డది," అన్నాడు ఓదెలు. ఆమె చేతులు కడుక్కుని, సందుగ తెరిచి, చీర మడతలు జరిపి, ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టింది. అక్కడ స్తంభం బాగుచేయడానికి కరెంటు తీసేసి షెడ్డులో ప్రెస్సులు ఆగిపోతే, పనివాళ్లంతా ఆఫీసు కిటికీ దగ్గర గుమిగూడారు. "ఏం కాదుర బై, మా బావ తెస్తుండు," అని నర్సన్న వాళ్లతో అంటున్నాడు.

సాయంత్రానికి కరెంటు వచ్చింది. ఇంజనీరు శనివారం టేపు అందుకుని సర్వరులో పెట్టాడు. తెర మీద ఫోల్డరు పేరు వచ్చింది. పరంజ్యోతి ఊపిరి వదిలింది. అతను దాన్ని తెరిచాడు. లోపల ఏమీ లేదు.

"ఇంకోటి ఇవ్వండి."

"వాన పడ్డది సార్ శనివారం. జెర తడిసినట్టుంది," అన్నాడు ఓదెలు. "శుక్రవారంది మంచిగుంటది."

శుక్రవారం టేపులోనూ ఫోల్డరు పేరు ఉంది. లోపల ఏమీ లేదు. గురువారం అంతే. బుధవారం పెట్టేటప్పటికి పరంజ్యోతి కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకుంది. ఆమెకు అప్పటికే అర్థమైపోయింది. ఓదెలు మాత్రం తరువాతి టేపు చేతిలో పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

"పెట్టుండ్రి సార్. మంగళవారంది ఎప్పుడు గడబిడ చెయ్యలే."

అన్నీ అయ్యాక ఇంజనీరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, సర్వరులో ఏదో పట్టీ తెరిచి చదివాడు. తరువాత మెల్లగా చెప్పాడు. టేపు ఏ చోటు నుంచి నకలు తీయాలో మొదట్లో ఒకసారి చెప్పి పెట్టారు, అది పాత డిస్కులోని చోటు. డ్రాయింగులను కొత్త డిస్కుకు మార్చినవాడు ఆ మాట మార్చలేదు. "రెండేళ్లుగా ఇది ఖాళీ ఫోల్డరునే రోజూ కాపీ చేస్తోంది."

"పచ్చలైటు వచ్చింది గద సార్," అన్నాడు ఓదెలు.

"వస్తుంది. చెప్పిన పని చేసింది కదా. లోపల ఏముందో దానికి అక్కర్లేదు."

"మరి రెండేండ్ల సంది నేను మోసింది?"

కిటికీ అవతల నర్సన్న, "ఏమైంది బావా?" అని అడుగుతున్నాడు. ఓదెలుకు అది వినపడింది, కానీ అటు తిరగలేదు. టేపులు ఒక్కొక్కటే తీసి, వారాల వరుసలో సంచిలో సర్దుకుంటూ ఉండిపోయాడు.

కాసేపటికి పరంజ్యోతి తేరుకుని, "డిస్కు మార్చకముందుది ఏదన్న ఉన్నదా అన్నా? దాని మీద మళ్ల ఎక్కించనిది?" అని అడిగింది. అప్పుడు అతనికి పగిలిన శుక్రవారం టేపు గుర్తుకొచ్చింది. వీర్రాజు మళ్లీ జీపు తీయమన్నాడు. ఓదెలు వద్దని, సైకిలు మీద పోయాడు. ముత్యమ్మ సందుగ అడుగు నుంచి గుడ్డమూట తీసి ఇస్తూ, "ఏమైందయ్యా, ముఖం గట్లున్నది?" అంటే, మూట అందుకుని మళ్లీ సైకిలెక్కాడు.

ఇంజనీరు ఆ టేపును తన వెంట తీసుకుపోయి, లోపలి రీలును మరో డబ్బీలోకి మార్చి, ఎట్లాగో చదివించాడు. వారం తరువాత ఆ డ్రాయింగులు తెచ్చి పాత డిస్కులోకి ఎక్కించాడు. పగిలిన డబ్బీలోంచి రెండేళ్ల కిందటి పని, అంతకు ముందటి పని చాలావరకు బయటపడింది. వీర్రాజు తెర ముందు కూర్చుని ఒక్కో పేరు చదువుకుంటూ పోయాడు. వాటిలో చాలా డైలు అరిగి పక్కన పడేసినవే. ఆ భాగాలు కొనే కంపెనీలు కొన్ని మూతబడ్డాయి కూడా. పుణె పని ఒక్కటీ లేదు. పోయిన డిస్కును బొంబాయి పంపించారు. లోపల పళ్లెం మీద గీతలు పడ్డాయని, చదవడానికి ఏమీ మిగల్లేదని అది తిరిగి వచ్చింది.

ఇక మిగిలింది చేతులతో వెతుక్కోవడమే. చెక్కడం కోసం కాగితం మీద అచ్చు తీసిన డ్రాయింగులు షెడ్డులో అక్కడక్కడా ఉంటాయని అందరూ వెతికారు. ప్రెస్సుల కింద, అల్మారాల వెనుక, నూనె డబ్బాల మీద మూతలుగా వేసినవి. నర్సన్న తాను కూర్చునే స్టూలు మీద మడిచి పరుచుకున్న కాగితాన్ని విప్పి చూస్తే అది పుణె డై డ్రాయింగే. నూనెకు నల్లబడి సగం అంకెలు కనిపించడంలేదు. పరంజ్యోతి దాన్ని ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి చదివింది.

చెక్కడం అయిన డైలను ఓదెలు ఎడమచేత్తో గుండెకు ఆనించుకుని మోసుకొచ్చి బల్ల మీద పెడితే, పరంజ్యోతి కొలతలు తీసుకుని మళ్లీ గీసింది. ఎండాకాలం పోయి వానలు పట్టాక కూడా ఇద్దరూ అదే పని. అతను డైని తిప్పుతుంటాడు, ఆమె కొలుస్తుంటుంది. చెక్కని వాటికి మాత్రం కొలవడానికేమీ లేదు. కళ్లు మూసుకుని ఆమె గుర్తుతెచ్చుకుని గీయాలని చూసేది. గీత సగం దూరం పోయాక ఆగిపోయేది.

"ఆకారం యాదికున్నదన్నా. కొలతలే వస్తలేవు," అని ఒకరోజు మౌసు వదిలేసి ఏడ్చింది. ఓదెలు మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడ్డాడు.

పుణె కంపెనీవాళ్లు మంచిగానే ఓపికపట్టారు. వానాకాలం సగమయ్యేదాకా ఆగారు. తరువాత వాళ్ల మనిషి ఒకతను వచ్చి, వీర్రాజుతో కలిసి భోజనం చేసి, తమ పని ఆగే వీల్లేదని చెప్పి, అయిన డైలను మాత్రం కొనుక్కుని, మిగతా పని ఇంకొకరికి ఇచ్చేశాడు. దసరా తరువాత వీర్రాజు ప్రెస్సు లైను ఆపేశాడు. కొద్దిమందిని డై పనికి ఉంచుకుని మిగతావాళ్లను పంపేశాడు. ఆ మిగతావాళ్లలో నర్సన్న ఉన్నాడు.

అంతకుముందే ఒకరోజు వీర్రాజు ఓదెలును తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. "ఓదెలూ, ఇది నీ తప్పు కాదు. ఒక్కసారి ఆ టేపు తెరిచి చూపించండి అని నేనడగలేదు. యజమానిని, నాది తప్పు. నువ్వు మనసులో పెట్టుకోకు," అన్నాడు. ఓదెలు తల ఊపి బయటికి వచ్చాడు. "సారు నన్ను రెండు దెబ్బలు గొట్టినా మంచిగుండు," అని ఆ రోజు ముత్యమ్మతో అన్నాడు.

ఆమెకు కోపం రాలేదు. "వాటిల్ల ఏం లేదని నీకు ఎర్కనే లేదా?" అని మాత్రం అడిగింది.

"లేదు."

"పెండ్లి చీరల పెట్టి దాసిన గదయ్యా," అని ఆమె సందుగ వైపు చూసింది.

లెక్క చూసుకుని వచ్చిన రోజు నర్సన్న నేరుగా అక్క ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడి ఓదెలుతో అన్నాడు. "బావా, నీ చెయ్యి పోయిన్నాడు సారు నీకు అన్నం పెట్టిండు. నా చేతులు రెండూ మంచిగనే ఉన్నయి. నాకెవలు పెడ్తరు?"

"నర్సన్నా, నేను గావాలని జేసిన్నా?"

"గావాలని జేసినవని ఎవలన్నరు? నువ్వే చెప్పేటోనివి, అంత నా దగ్గర్నే ఉన్నదని. గా మాట నమ్మి ఇటుక దింపిన."

ముత్యమ్మ మంచినీళ్లు తెచ్చేలోపు అతను వెళ్లిపోయాడు. తరువాత గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదిరాడు. డ్రమ్ములు దొర్లించే పని. అక్కడి వాసనకు దగ్గు పట్టుకుందని, పొద్దున లేవగానే చాలాసేపు దగ్గుతాడని ముత్యమ్మకు వేరేవాళ్ల ద్వారా తెలిసేది. ఇటుకలు అమ్మేశాడు. పుష్పను ఆదివారాలు పంపడం మానేశాడు. ఓదెలు కొన్ని వారాలు సైకిలు తుడిచి వాకిట్లో నిలబెట్టుకునేవాడు. తరువాత ముత్యమ్మే, "ఊకె ఎందుకు," అని ఆ చిన్న సీటు విప్పి అటక మీద పెట్టింది.

ఆఫీసుకు కొత్త కంప్యూటరు వచ్చింది. ఇప్పుడు నకళ్లు సీడీల మీద. పరంజ్యోతి తన బల్ల దగ్గరే తీసుకునేది, తీసిన ప్రతిదాన్నీ మళ్లీ తెరిచి చూసుకునేది, చూశాక ఇంకోసారి చూసేది. ఆ పని ఓదెలుకు ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. ఒక సాయంత్రం ఆ వేళకు అలవాటుగా లేచి, అద్దాల గది తలుపు తీసి లోపలికి వెళ్లి, టేపు పెట్టే చోటు లేని పెట్టె ముందు నిలబడ్డాడు.

"ఏందన్నా?" అంది పరంజ్యోతి.

"ఏం లేదమ్మా. ఫ్యాను బంద్ జేద్దామని."

రెండువేల నాలుగులో వీర్రాజు షెడ్డు అమ్మేశాడు. మిషన్లు లారీలకు ఎక్కించే రోజు ఓదెలును దగ్గరకు పిలిచి భుజం మీద చేయి వేశాడు. ఆయన కొడుకు దగ్గరకు విశాఖపట్నం వెళ్లిపోయాడు. ఓదెలు కిష్టారెడ్డిపేటలో కొత్తగా కట్టిన అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. గేటు పక్కన గది ఇచ్చారు. ముత్యమ్మ ఆ అపార్టుమెంట్లోనే రెండిళ్లలో అంట్లు తోమేది.

పరంజ్యోతికి హైదరాబాదులో పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పెళ్లి కుదిరాక, పత్రిక ఇవ్వడానికి బస్సు దిగి, ఆ అపార్టుమెంటు వెతుక్కుంటూ వచ్చింది. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చాయ్ తాగాక, ముత్యమ్మ లోపలికి పోయినప్పుడు ఓదెలు అడిగాడు.

"జ్యోతమ్మా, నేను గప్పుడు నీకు చెప్పిన గదా, జల్దీ అయితున్నదని."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"చెప్పినవన్నా."

"నేను ఇంకోపారి అడిగేదుండె. జల్దీ ఎందుకైతున్నదని. ఇంటికి జల్దీ పోవుడు మంచిగ అనిపిచ్చింది నాకు. గందుకే అడగలే."

"నేను చూడాల్సింది. నువ్వెందుకు అడుగుతవు?" అని ఆమె చున్నీతో కళ్లు ఒత్తుకుంది. ముత్యమ్మ గాజులు, పసుపుకుంకుమలు పట్టుకొచ్చి, ఆమె చర్చి మనిషని గుర్తొచ్చి కుంకుమ పక్కన పెట్టి, గాజులు మాత్రం తొడిగింది. బస్సు ఎక్కేదాకా ఓదెలు ఆమె వెంట నడిచాడు. పెళ్లికి పోదామని ఇద్దరూ అనుకున్నారు కానీ, గేటు వదిలి ఎక్కడికీ పోవద్దని ఆ వారం అపార్టుమెంటువాళ్లు గట్టిగా చెప్పడంతో పోలేకపోయారు.

ఆ తరువాతి ఎండాకాలంలో నర్సన్న వచ్చాడు. బాగా సన్నబడ్డాడు. పుష్పకు చీర కట్టించే ఫంక్షన్ పెట్టుకున్నామని, మేనత్త లేకుండా కాదని, అక్కకు బొట్టు పెట్టి చెప్పి పోదామని భార్యను వెంట తీసుకొచ్చాడు. ఆమె ముత్యమ్మకు బొట్టు పెడుతుంటే నర్సన్న గేటు అవతల నిలబడి రోడ్డు వైపు చూస్తూ దగ్గుతున్నాడు. ఓదెలు గదిలోంచి రాలేదు. వాళ్లు వెళ్లాక ముత్యమ్మ, "నిన్ను గూడ రమ్మన్నరు," అంది. ఎవరు రమ్మన్నారో ఓదెలు అడగలేదు.

ఫంక్షన్ రోజు వాళ్లు చీర, గాజులు, పూలు తీసుకుని ఆటోలో పోయారు. పుష్ప పొడుగ్గా ఎదిగింది. పీట మీద కూర్చున్న పిల్ల ఓదెలును చూసి లేవబోతే పక్కనున్నవాళ్లు కూర్చోబెట్టారు. అతను అక్షింతలు వేస్తుంటే, "మామా, సైకిలు ఉన్నదా?" అని మెల్లగా అడిగింది. "ఉన్నది బిడ్డ," అన్నాడు. అది అబద్ధం. షెడ్డు అమ్మిన ఏడే సైకిలు పోయింది.

షామియానా కింద బంతిలో అందరితోపాటు ఓదెలు కూర్చున్నాడు. ఎడమచేత్తో తింటే ఎవరైనా ఏమనుకుంటారోనని ఎప్పటిలాగే చివరన కూర్చున్నాడు. నర్సన్న బకెట్టు పట్టుకుని వడ్డిస్తూ వచ్చాడు. ఓదెలు విస్తరి దగ్గర ఆగి కూర వేశాడు. పక్కవాళ్లకు వేసినదానికంటే ఎక్కువే వేశాడు. ఓదెలు తలెత్తి చూశాడు. నర్సన్న కళ్లు విస్తరి మీదే ఉన్నాయి.

"ఇంక ఎయ్యాల్నా?"

"చాలు నర్సన్నా."

నర్సన్న దగ్గు ఆపుకుంటూ పక్క విస్తరి దగ్గరకు జరిగాడు. ఓదెలు ఎడమచేత్తో అన్నం కలుపుకున్నాడు. ముత్యమ్మ అవతలి బంతిలోంచి వాళ్లిద్దరినీ చూస్తూనే ఉంది.